ఉత్తరంలో లేని పేరు

ఉద్యోగ విరమణ చేసిన 61 ఏళ్ల విశ్వాసి ఒకరు రాసిన ఉత్తరం ఇది. ముప్పై ఏళ్ల కష్టార్జితంతో కట్టుకున్న ఇంటిని సువార్త పరిచర్యకు రాసి ఇవ్వాలని ఆయన సంకల్పించారు. "మన స్వాస్థ్యం (వారసత్వం) పరలోకంలో ఉండగా ఈ మట్టి మీద మమకారం దేనికి?" అని ఎంత చెప్పినా, భార్య మాత్రం "మరి మనం ఎక్కడ ఉంటాం?" అంటున్నారట. ఆమె అల్పవిశ్వాసాన్ని ఎలా సరిదిద్దాలి, ఇలా ఇచ్చినందుకు పరలోకంలో తన స్వాస్థ్యం అధికమవుతుందా అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు. ఉత్తరం చివర మరొక వాక్యం ఉంది: నాలుగేళ్ల క్రితం తమ మాట కాదని అన్యుల ఇంటి అమ్మాయిని పెళ్లి చేసుకున్న కొడుకుకు ఇందులో చిల్లిగవ్వ కూడా చేరకూడదని, అతనికొక పాప పుట్టిందని ఎవరో చెప్పగా విన్నానని.

మీ రెండు ప్రశ్నలకూ జవాబు చిన్నదే. మీ భార్యను సరిదిద్దవలసిన పని లేదు. ఆ ఇంటిని ఇన్నేళ్లు నడిపిన మనిషి, ముసలితనంలో తల దాచుకునే చోటు గురించి అడగడం అవిశ్వాసం కాదు. స్వకీయులను, విశేషంగా తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. ఇక రెండవ ప్రశ్న. బీదలకిచ్చినవారికి పరలోకంలో ధనం కలుగుతుందని ప్రభువు చెప్పిన మాట నిజమే, కానీ స్వాస్థ్యం వేరు; అది ఇల్లిచ్చి పెంచుకునేది కాదు.

నన్ను ఆపింది మీ చివరి వాక్యం. మూడు పుటల ఉత్తరంలో మీ కొడుకుకు దక్కింది ఆ ఒక్క వాక్యమే అయినా, మిగిలినదంతా దాని కోసమే రాశారని నాకనిపించింది. మీరు ఇల్లు దేవునికి ఇవ్వాలనుకుంటున్నారా, లేక కొడుకుకు ఇవ్వకూడదనుకుంటున్నారా? ఈ రెండూ ఒకే కాగితం మీద, ఒకే సంతకంతో జరిగిపోతాయి కనుక మనిషి తనను తాను సులభంగా నమ్మించుకోగలడు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను గురించి ప్రభువు అన్నది దీనినే. తల్లిదండ్రులకు చేరవలసినదాన్ని దేవార్పితమని ప్రకటించి చేతులు దులుపుకున్నవారిని ఆయన మెచ్చుకోలేదు, వారు తమ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు. అక్కడ నష్టపోయింది తల్లిదండ్రులు, ఇక్కడ కొడుకు, అంతే తేడా.

మామూలు వాడుకలో స్వాస్థ్యమంటే ఆరోగ్యం, మన బైబిల్లో మాత్రం వారసత్వం. అక్షయమైనది, నిర్మలమైనది, వాడబారనిది అయిన స్వాస్థ్యం గురించి పేతురు ఎవరికి రాశాడో ఒకసారి చూడండి. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే ప్రాంతాల్లో చెదిరిపోయి, పరదేశులుగా బతుకుతూ, నానా విధాలైన శోధనలకు లోనైన వారికి. చేతిలో ఏమీ మిగలని వారిని ఓదార్చడానికి చెప్పిన మాట అది. ఇంకొకరి చేతిని ఖాళీ చేయడానికి దానిని వాడుకునే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. పైగా ఆ స్వాస్థ్యం మనకు ఎలా కలిగిందని పేతురు అంటున్నాడు? దేవుడు తన కనికరంతో మనలను మరల జన్మింపజేయడం వలన. అంటే పిల్లలం అయ్యాము కనుక వారసులమయ్యాము, యోగ్యులమని కాదు. యోగ్యత చూడని తండ్రి దగ్గర వాటా తీసుకుంటున్న మీరు, సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి యోగ్యత లెక్కిస్తున్నారు.

ఇశ్రాయేలులో దేవుని మందిర సేవకు ప్రత్యేకించబడిన గోత్రం, లేవీయుల సంగతి కూడా మీకు తెలుసు. "మీ స్వాస్థ్యం నేనే" అని దేవుడు వారికి చెప్పి, దేశంలో భాగం ఇవ్వలేదు. అయినా వారు నివసించడానికి 48 పట్టణాలను, పశువులకు చుట్టూ పొలాలను ఇప్పించాడు. తానే స్వాస్థ్యమన్న దేవుడు కూడా వారి పిల్లలు ఎక్కడ పడుకుంటారో చూశాడు.

కొడుకు చేసిన పెళ్లి మీకు బాధ కలిగించిందంటే నేను తప్పు పట్టను. నేనూ విశ్వాసినే, ఆ బాధ ఎలాంటిదో ఎరుగుదును. మనవరాలు పుట్టిన సంగతి ఎవరో చెబితే తప్ప తెలియనంత దూరం మాత్రం మీరు పెట్టినదే. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తండ్రి, అడగకూడని సమయంలో వాటా అడిగిన కొడుకుకు ఆస్తి పంచి ఇచ్చాడు. అతను తిరిగి వస్తుంటే, క్షమాపణ నోట రాకముందే పరుగెత్తి మెడమీద పడ్డాడు. మీరు పరుగెత్తకపోయినా ఫరవాలేదు, నడిచి వెళ్లండి.

కాగితాల మీద సంతకం ఇప్పుడు చేయకండి. బలిపీఠం దగ్గర అర్పణను విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న ఆజ్ఞ మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది కదా, సహోదరునికే అలా ఉంటే కొడుకుకు వేరే చెప్పాలా? మీ భార్యను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆమె ఈ నాలుగేళ్లూ ఎదురుచూస్తున్నది ఇంటి కోసం కాదేమోనని నా అనుమానం. కోడలి విశ్వాసం గురించి ఆ రోజు ఎత్తవద్దు, షరతులేవీ పెట్టవద్దు. తిరిగి వచ్చిన తరువాత, భార్య బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే ఏర్పాటు చేసి, కొడుకుతో దాపరికం లేకుండా మాట్లాడి, పరిచర్యకు ఎంత ఇవ్వాలో మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. కోపం తీరిన చేతితో ఎంత ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

మీ ఉత్తరంలో ఆ పాప పేరు లేదు. వెళ్లినప్పుడు అడిగి తెలుసుకోండి.