కిలోన్నర లోపు ల్యాప్‌టాప్‌లో గేమ్స్ ఆడొచ్చా?

ఆడొచ్చు. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి తేలికపాటి గేమ్స్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని 14 అంగుళాల ల్యాప్‌టాప్ చాలు, కాకపోతే 16 జీబీ ర్యామ్ రెండు చానెళ్లలో (అంటే డేటా ఒకేసారి రెండు దారుల్లో వెళ్లేలా) పనిచేస్తుండాలి.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ర్యామ్ స్టిక్ ఒకటే ఉంటే ఒక్క చానెలే పనిచేస్తుంది, డేటా వచ్చే దారి సగానికి సగం ఇరుకవుతుంది, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-1135జీ7 చిప్‌నే తీసుకోండి. ఒకే స్టిక్ ఉన్నప్పుడు విండోస్‌లో హార్డ్‌వేర్ జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని కనిపిస్తుంది. రెండోది వేస్తే అదే చిప్ గ్రాఫిక్స్ పేరు 'ఐరిస్ ఎక్స్ఈ' అయిపోతుంది, గేమ్స్ మెరుగ్గా నడుస్తాయి! చాలా సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం. అందుకే అనంతపురంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందే అడగాలి.

'ఐ7 అయితే ఏ గేమైనా ఆడుతుంది' అనుకోవడం పొరపాటు. సన్నటి బాడీలో ఫ్యాన్ చిన్నది. వేడెక్కితే ఐ7 అయినా వేగం తనే తగ్గించుకుంటుంది. కర్నూలు మే ఎండల్లో, అదీ పరుపు మీద పెట్టుకుని ఆడితే మరీను. గాలి వెళ్లే కంతలు మూసుకుపోతాయి.