ముల్లర్ అంటే కులం పేరా? జర్మనీలో ముల్లర్లంతా చుట్టాలేనా?

మీరు అడిగింది ఇదీ: సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్, ఫుట్‌బాల్ ఆడిన గెర్డ్ ముల్లర్, థామస్ ముల్లర్, వీళ్లంతా ఒకే వంశమా? ముల్లర్ అనేది మన దగ్గరలాగా కులం పేరా?

రెండూ కాదు. నాలుగేళ్లుగా జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లు రాసుకోరు. కింద తలుపు పక్కన బెల్లుల వరసలో ఇంటిపేర్లు ఉంటాయి, పార్సెల్ తెచ్చేవాళ్లు ఆ పేరు చూసే బెల్ కొడతారు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కవాళ్లకి ఇచ్చిపోతారు. మా బిల్డింగులో పన్నెండు బెల్లులుంటే మూడింటి మీద ముల్లర్ అనే ఉంది. ఒకరోజు పైఅంతస్తు ముల్లర్ వాళ్ల పార్సెల్ నా చేతికొచ్చింది. వాళ్లు ఊళ్లో లేరు. అంతా ఒకటే కుటుంబం కదా అని తీసుకెళ్లి మొదటి అంతస్తులో పెద్దావిడకి ఇవ్వబోయాను. "వాళ్లెవరో నాకు తెలియదు, పేరొక్కటే కలిసింది" అంది ఆవిడ. అంతటితో ఆగకుండా, "నా పుట్టింటి పేరూ ముల్లరే, మావారి పేరూ ముల్లరే" అని చెప్పింది. ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల వరస, పెళ్లి మాటే ఎత్తకూడదు అని విని పెరిగిన నాకు అది మింగుడుపడలేదు. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చి, ఓపిగ్గా చెప్పింది.

ముల్లర్ అంటే మర ఆడించేవాడు. మా తెలంగాణ మాటలో గిర్ని నడిపేవాడు. అసలు ఉచ్చారణకి మన లిపిలో అక్షరం లేదు. పెదవులు 'ఉ' అన్నట్టు గుండ్రంగా పెట్టి 'ఇ' అనాలి, నాకు ఆర్నెల్లు పట్టింది. ఒకప్పుడు జర్మనీలో అందరికీ ఇంటిపేర్లు లేవు. 12వ శతాబ్దం నుంచి పట్టణాల్లో మొదలై, తర్వాత పల్లెలకి పాకాయి. ఊళ్లో హాన్స్ అనేవాళ్లు నలుగురుంటే, మర దగ్గరి హాన్స్, కమ్మరి హాన్స్ అని గుర్తు చెప్పుకునేవాళ్లు. పన్ను లెక్కల్లో, చర్చి పుస్తకాల్లో ఆ గుర్తే ఇంటిపేరుగా స్థిరపడింది. గోధుమ, రై (గోధుమలాంటి ధాన్యం) పిండి చేసుకోకపోతే రొట్టె లేదు కాబట్టి ఊళ్లన్నిటికీ మర కావాలి. అంటే ఈ పేరు ఒక్క ఇంట్లో పుట్టి పాకింది కాదు, వేల ఊళ్లలో విడివిడిగా పుట్టింది. అందుకే జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. తర్వాతి నాలుగూ వృత్తుల పేర్లే: ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, ఫిషర్ చేపలు పట్టేవాడు, వేబర్ నేతగాడు.

పేరు నిలిచిపోయింది, కొడుకులు వేరే పనుల్లోకి వెళ్లారు. దీనికి మాక్స్ ముల్లర్ ఇల్లే మంచి ఉదాహరణ. ఆయన 1823లో, మాకు దగ్గర్లోనే ఉన్న డెసావ్‌లో పుట్టారు. ఆయన తాత దర్జీ. పేరేమో మరవాడిది, చేతిలో సూది! తండ్రి విల్‌హెల్మ్ కవి. మర దగ్గరి అమ్మాయి మీద ఆయన రాసిన కవితలకి షూబెర్ట్ బాణీలు కట్టాడు. జ్ఞానతండ్రి (బాప్తిస్మంలో బిడ్డకి అండగా నిలిచే పెద్దమనిషి) సంగీతకర్త కార్ల్ మరియా ఫొన్ వేబర్, అంటే పేరుకి నేతగాడు. ఆ ఇంట్లో మర ఆడించినవాళ్లు లేరు, నేసినవాళ్లు లేరు. ముల్లర్ అంటే ఎవరికీ గుర్తుండదని, తనకి పెట్టిన మాక్స్ అనే పేరుని కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నారాయన. ఋగ్వేదాన్ని విజయనగర కాలపు సాయణుడి భాష్యంతో సహా 1849 నుంచి 1874 వరకు ఆరు సంపుటాలుగా అచ్చువేసినప్పుడు, సంస్కృతంలో తన పేరు మోక్షమూలర అని రాసుకున్నారు. పిండిమర కాస్తా మోక్షమైంది! భారతదేశం మాత్రం ఒక్కసారీ రాలేదు.

ఫుట్‌బాల్ ముల్లర్లిద్దరి మీద అనుమానం రావడం సహజం. ఇద్దరూ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో పుట్టారు, ఇద్దరూ బయర్న్ మ్యూనిక్ క్లబ్బుకి ఆడారు, దేశం తరఫున ఇద్దరూ 13వ నంబరు చొక్కాయే వేసుకున్నారు. గెర్డ్ 62 మ్యాచుల్లో 68 గోల్స్ కొట్టాడు, 1974 ప్రపంచకప్ ఫైనల్లో గెలుపు గోల్ ఆయనదే. థామస్ 2010 ప్రపంచకప్‌లో 5 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. కానీ వాళ్లు చుట్టాలు కారు. మన పెద్దవాళ్లకి మలేరియా రోజుల నుంచి తెలిసిన డీడీటీ పురుగులని చంపుతుందని కనిపెట్టి 1948లో నోబెల్ అందుకున్న పాల్ ముల్లర్ స్విట్జర్లాండ్ మనిషి. 2009లో సాహిత్య నోబెల్ పొందిన హెర్టా ముల్లర్ రొమేనియాలోని జర్మన్ పల్లెలో పుట్టింది.

ఇక కులం సంగతి. ఈ భాగం నాకు ముఖ్యం. ఏటా పెంతెకొస్తు అనే క్రైస్తవ పండగ మర్నాడు, సోమవారం, జర్మనీ అంతటా పాత మరలని జనం చూడటానికి తెరుస్తారు. ఆ పెద్దావిడ నన్ను ఒక గాలిమర దగ్గరికి తీసుకెళ్లింది. చెక్క ఇల్లంత మర, ఒకే దుంగ మీద నిలబడి, గాలి ఎటుంటే అటు మొత్తంగా తిరుగుతుంది. ఒకప్పుడు మరవాడు డబ్బుకి బదులు గింజల్లో కొంత భాగం తీసుకునేవాడట. కాంటా దగ్గర తరుగు తీస్తే మన రైతుకి ఎంత మండుతుందో తెలుసుగా, అక్కడా అంతే. పైగా చాలాచోట్ల దొర చెప్పిన మరకే వెళ్లాలి. ఆ కోపమంతా మరవాడి మీద పడేది. చాలా ప్రాంతాల్లో అది గౌరవం లేని వృత్తి. మరవాళ్ల పిల్లల్ని వేరే వృత్తి సంఘాలు చేర్చుకునేవి కావు. వాళ్లని అలా దూరం పెట్టకూడదని 16వ శతాబ్దంలో సామ్రాజ్య చట్టాలే రాయాల్సి వచ్చింది. అంటే అక్కడా పుట్టుకని బట్టి చిన్నచూపు ఉండేది. ఇప్పుడు ముల్లర్ అని వింటే ఎవరికీ అది గుర్తు కూడా రాదు.

నా ఇంటిపేరు కుమ్మరి. సారె తిప్పింది మా తాత వరకే, నాన్న బస్సు కండక్టరు. అయినా ఏడో తరగతిలో ఒక సారు హాజరు పిలుస్తూ నా ఇంటిపేరు దగ్గర ఆగి, కుండలు చేసుకోక నీకు చదువెందుకన్నాడు. ఆ తర్వాత ఎక్కడ పేరు చెప్పాల్సి వచ్చినా నాకు టెన్షనే. పాస్‌పోర్టులో ఉంది కాబట్టి ఇక్కడ బెల్ మీదా అదే రాయాల్సి వచ్చింది. మర నుంచి తిరిగొస్తుంటే ఆవిడ అడిగింది, మీ పేరుకి అర్థమేంటని. కాసేపు తటపటాయించి, కుండలు చేసేవాడని చెప్పాను.

"అయితే త్యోప్ఫర్" అంది ఆవిడ. "పక్క వీధిలో నా పళ్ల డాక్టరు పేరూ అదే."