చెవి గొట్టం మొత్తం తీసేయాలంటున్నారు, మా కాకర్ స్పానియల్‌కి ఆపరేషన్ చేయించాలా?

ఏళ్లు గడిచినా మీ కాకర్ చెవిలో చీము తగ్గలేదని, ఇప్పుడు డాక్టర్ గారు గొట్టం తీసేయాలన్నారని, చెవుడు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. మా బ్రూనో కూడా కాకరే, కుడి చెవికి ఇదే ఆపరేషన్ అయింది. గొట్టం గట్టిపడిపోయి ఉంటే చేయించండి, వాయిదా వేయకండి.

చెవి కింద, దవడ మొదట్లో వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. మామూలు గొట్టం మెత్తగా వంగుతుంది. పదే పదే వాచి, లోపలి చర్మం మందమెక్కి, కాల్షియం పేరుకున్న గొట్టం రాయిలా తగులుతుంది. కుక్క చెవి గొట్టం ముందు నిలువుగా కిందికి దిగి, తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. ఆ దారి మూసుకుపోయాక ఎంత మంచి చుక్కల మందైనా చీము ఉన్న చోటికి చేరదు. చీములో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించి యాంటీబయాటిక్ మార్చినా మాకు ఫలితం కనబడనిది అందుకే. గొట్టం పక్క గోడ మాత్రం తెరిచే చిన్న ఆపరేషన్ ఒకటుంది. అది ఈ దశకు వచ్చిన కాకర్లలో ఎక్కువగా విఫలమవుతుంది, దానికి ఒప్పుకోకండి.

ఇక వినికిడి. మూసుకుపోయిన చెవికి శబ్దం చేరడం ఇప్పటికే బాగా తగ్గిపోయి ఉంటుంది. బ్రూనోకి రెండో చెవి బాగుంది, పిలిస్తే ఇప్పటికీ పరిగెత్తుకొస్తాడు. రెండు చెవులకీ చేయించాల్సి వస్తే మాత్రం దాదాపు వినపడదనే అనుకుని సిద్ధపడండి. అప్పుడు కూడా నేను చేయించమనే అంటాను, ఎందుకంటే ఆ నొప్పి అంతటిది. పాపం, అవి నోరు విప్పి చెప్పలేవు.

మీరు అసలు అడగాల్సింది బుల్లా గురించి. ఈ ఆపరేషన్‌ని ఇంగ్లిష్‌లో TECA-LBO (టీకా-ఎల్‌బీఓ) అంటారు, టీకా మందుకి దీనికీ సంబంధం లేదు. గొట్టం తీయడంతో పని అయిపోదు, మధ్య చెవిని కప్పి ఉండే ఎముక గది బుల్లాని తెరిచి, లోపలి పొరను పూర్తిగా గీకెయ్యాలి. కొంచెం మిగిలినా, నెలలకో ఏళ్లకో అక్కడ గడ్డ కట్టి మళ్లీ చీము కారుతుంది. అందుకే ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్‌నే వెతకండి, ముందు సీటీ స్కాన్ తీయించండి. రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీల సర్జరీ విభాగాల్లో కూడా అడిగి చూడండి.

ముఖ నరం ఆ గొట్టాన్ని ఆనుకునే వెళ్తుంది. బ్రూనోకి ఆపరేషన్ తర్వాత ఆ వైపు కన్ను రెప్ప పడలేదు. కన్ను ఎండిపోకుండా చుక్కలు వేస్తూ ఉంటే కొన్ని వారాల్లో సరైంది. చాలా కుక్కలకి అలాగే తగ్గుతుంది, కొన్నింటికి ఉండిపోతుంది. నొప్పి మందులు ఏవేవి, ఎన్నాళ్లు ఇస్తారో ముందే అడగండి. కుట్లు విప్పేదాకా గోక్కోకుండా మెడకి కట్టే ప్లాస్టిక్ కోన్ తీయొద్దు. బయటికి కనబడే చెవి దొప్ప అలాగే ఉంటుంది, చూపులకి తేడా పెద్దగా తెలియదు. మూలంలో ఎలర్జీ ఉంటే దానికి వైద్యం ఆపకండి, లేకపోతే రెండో చెవికీ ఇదే గతి పడుతుంది.

మీ పిల్లి కూడా తల విదిలిస్తోందన్నారు. వయసు తక్కువైతే పాలిప్, అంటే లోపల పెరిగే క్యాన్సర్ కాని మెత్తని కండ, కావచ్చు. మత్తిచ్చి లాగేసి, తర్వాత వాపు తగ్గించే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. మళ్లీ పెరిగితే గొంతు వైపు నుంచి బుల్లా తెరుస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు కంటిపాప చిన్నదై, మూలన తెల్ల పొర కనబడొచ్చు, ఎక్కువగా వారాల్లో తగ్గిపోతుంది. ముసలి పిల్లైతే చెవిలో గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి తీసిన ముక్కని తప్పకుండా బయాప్సీకి పంపించమనండి.