కందిపొడికి జిప్ కవరు అవసరమా?

కావలిలో కందిపొడి, కరివేపాకు పొడి అమ్ముతున్న మీరు, కవరు విప్పిన కొన్నాళ్లకే పొడి గడ్డకడుతోందని కొనేవారు అంటున్నారనీ, ఖర్చు ఎక్కువైనా జిప్ కవర్లకు మారాలా అనీ అడిగారు. అన్నింటికీ మారనవసరం లేదని నా అభిప్రాయం. వంద గ్రాముల ప్యాకెట్టు త్వరగా అయిపోతుంది కనుక దానికి మామూలు సీలు కవరే చాలు. సముద్రపు గాలిలోని తేమను నెలంతా తట్టుకోవలసిన అరకిలో ప్యాకెట్టుకు మాత్రం ఆ ఖర్చు దండుగ కాదు.

అయితే పొడులతో ఒక చిక్కు ఉంది. జిప్ గాడిలో నాలుగు రేణువులు ఇరుక్కున్నా ఎదుటి అంచు అందులో సరిగా కూర్చోదు. పైకి మూసుకున్నట్టే కనిపిస్తుంది గాని, గాలి లోపలికి పోతూనే ఉంటుంది. అందువల్ల గాడికి తగలకుండా గరాటుతో నింపి, జిప్‌కు పైభాగాన వేడి సీలు కూడా తప్పక వేయండి. కొత్త ప్యాకెట్టును కాపాడేది ఆ సీలే. జిప్ పని కవరు విప్పాకే మొదలవుతుంది. మూసేముందు గాడిని పొడిగుడ్డతో తుడవమని కవరుపై ముద్రించండి.

మా ఇంట్లోలాగా పొడిని వెంటనే గాజు సీసాలోకి ఒంపుకొనేవారికి జిప్ వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా జిప్ కవర్లలో అల్యూమినియం పొర అతికించినవాటిని పాతసామాన్లవారు సాధారణంగా తీసుకోరు. కాబట్టి మొదట అరకిలో ప్యాకెట్లకు మాత్రమే కొద్ది కవర్లు తెప్పించి, ఫిర్యాదులు తగ్గాయో లేదో చూడండి.