మా అమ్మాయి ఫార్మసీ లెక్చరర్ అవుతానంటోంది, ఫార్మ్‌డీ చేయించమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. మా అమ్మాయి విజయనగరంలో బి.ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది. ఎం.ఫార్మసీ చేసి లెక్చరర్ అవుతానంటోంది. మూడేళ్ల ఫార్మ్‌డీ చేయిస్తే పేరు ముందు డాక్టర్ అని వస్తుందని, అమెరికా వెళ్లవచ్చని, లెక్చరర్ ఉద్యోగమూ దొరుకుతుందని బంధువులు అంటున్నారు. తిత్లీ తుఫానులో జీడితోట పోయిన దగ్గర్నుంచి మాకు డబ్బుకు ఇబ్బందిగానే ఉంది. ఇంటికి దగ్గరలో ఆడపిల్లకు గౌరవమైన ఉద్యోగం వస్తే చాలు. రెండింటిలో ఏది మేలు? ఇంకొక మాట. వాళ్ల పెదనాన్నకు పలాసలో డయాలసిస్ చేయిస్తున్నాం. ఆయన మందుల చీటీ పట్టుకుని ఇదెందుకు, అదెందుకు అని అమ్మాయి అందరినీ విసిగిస్తోంది. ఆ గోల మాని చదువు మీద దృష్టి పెట్టమని మీరైనా చెప్పండి.

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మీ భయం ఇంకొక తుఫాను గురించి అని నాకు అనిపించింది. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు 2018 అక్టోబరులో ఒక్క రాత్రిలో నేలకూలడం కళ్లారా చూసిన మనిషి, పెట్టిన డబ్బు తప్పకుండా తిరిగి వస్తుందన్న హామీ కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ హామీ ఏ డిగ్రీ పేరులోనూ ఉండదు కాబట్టి, ముందుగా మీ బంధువులు చెబుతున్న ఫార్మ్‌డీ సంగతి చూద్దాం.

ఫార్మ్‌డీ అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, ఆసుపత్రిలో రోగుల మందుల వాడకం మీద శిక్షణ ఇచ్చే ఆరేళ్ల కోర్సు. మన దేశంలో అది 2008లో మొదలైంది. బి.ఫార్మసీ పూర్తిచేసినవారు నేరుగా నాలుగో సంవత్సరంలో చేరి, రెండేళ్లు చదివి, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తారు. ఆ కోర్సు నడిపే కళాశాలకు కనీసం 300 పడకల ఆసుపత్రితో అనుబంధం ఉండాలి. విద్యార్థులు రోజూ వైద్యులతో కలిసి రౌండ్లకు వెళ్లి, కేస్‌షీట్లు చదివి, మందుల మధ్య పొసగని చోటు చూపించగలిగే ఆసుపత్రి దొరికితే ఆ శిక్షణ నిజంగా గొప్పది. కానీ ఆసుపత్రి అనుబంధం కాగితానికే పరిమితమై, వార్డులో ఎవరూ పలకరించక, రికార్డులు నింపుకుని తిరిగివచ్చిన పిల్లలు నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వార్డులో రోగుల మందులను పరిశీలించే క్లినికల్ ఫార్మసిస్టు ఉద్యోగం కోసం మన జిల్లాల్లో ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరకు హైదరాబాదులో రోగుల రికార్డులకు బిల్లింగ్ కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్‌లో చేరినవారు కూడా నాకు తెలుసు.

అమెరికా మాటకు కారణం ఉంది. 2003 నుంచి అక్కడి అర్హత పరీక్ష రాయాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలన్న నిబంధన వచ్చింది. అందువల్ల మన నాలుగేళ్ల బి.ఫార్మసీ అందుకు సరిపోకుండా పోయింది, ఫార్మ్‌డీకి గిరాకీ పెరిగింది. ఆ ఒక్క షరతు తీరినా, తరువాత ఇంగ్లీషు పరీక్ష, ఇంటర్న్‌షిప్ గంటలు, లైసెన్సు పరీక్షలు, వీసా వరుసగా ఉంటాయి. ఇంటికి దగ్గరలో ఉద్యోగం చాలంటున్న మీరు, ఆ దారిని ఎందుకు లెక్కలోకి తీసుకుంటున్నారో ఒకసారి ఆలోచించండి. ఇక బోధన విషయానికి వస్తే, ఫార్మ్‌డీవారికి ప్రధానంగా రోగులకు మందుల వాడకం గురించి బోధించే ఫార్మసీ ప్రాక్టీస్ విభాగంలోనే చోటు ఉంటుంది. పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా అది పీహెచ్‌డీతో సమానం కాదు, ప్రొఫెసర్ స్థాయికి చేరాలనుకునేవారు పీహెచ్‌డీ తప్పదనుకునే బయలుదేరాలి.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, పెద్ద మనసుతో వినండి. అధ్యాపక వృత్తిని ఆడపిల్లకు నీడపట్టున దొరికే ఉద్యోగంగా చూడడం మానుకోండి. ఆ చూపుతో చేరినవారి దగ్గర చదువుకున్న పిల్లలు, మందు మోతాదు ఎందుకు మారుతుందో తెలియకుండానే పట్టా పుచ్చుకుని మందుల దుకాణంలో నిలబడుతున్నారు. మీ ఉత్తరంలో బంధువుల అభిప్రాయం ఉంది, తోట ఉంది, డాక్టర్ అన్న బిరుదు ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నదల్లా ఆ చివరి నాలుగు వాక్యాలే, వాటిని మీరు ఫిర్యాదుగా రాశారు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ఎందుకు వద్దంటారు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను ఎందుకు తగ్గిస్తారు లేదా ఆపేస్తారు అన్న ప్రశ్నలు మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీకి ప్రాణం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పుట్టిన పిల్లకు అవి ఇంట్లోనే ఎదురయ్యాయి. దయచేసి ఆమె నోరు మూయించకండి. నేనూ ఆ మాట చెప్పను.

అమ్మాయి లెక్చరర్ కావాలంటే ఆ తయారీ ఎం.ఫార్మసీలో చేరే దాకా ఆగకూడదు. వారానికి ఒక మందు తీసుకుని, అది ఒంట్లో ఏం చేస్తుందో జూనియర్లకు మొదట తెలుగులో, తరువాత ఇంగ్లీషులో వివరించడం ఇప్పుడే మొదలుపెట్టమనండి. టెక్కలి, సీతంపేట వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఆ సాయం ఎంత అవసరమో వారితో కూర్చున్నవారికే తెలుస్తుంది. పరిశోధన లెక్కలు నేర్పే బయోస్టాటిస్టిక్స్ సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టరుకు గానీ రాదు, దాన్ని ఈ సెలవుల్లోనే తెరవాలి. అదే సెమిస్టరులో ఉండే ప్రాజెక్టును సీనియర్ల రిపోర్టు చూసి దింపేయకుండా తన చేతులతో చేయాలి. నలుగురి ముందు నిలబడి తెలియనిదాన్ని తెలియదని చెప్పగలగడం కూడా అక్కడే అలవడుతుంది. ఫార్మసీ బోధన మన ప్రాంతానికి కొత్త కాదు. 1932లో మహాదేవ లాల్ ష్రాఫ్ బనారస్‌లో మొదలుపెట్టిన ఈ చదువు, 1951కే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. మీ అమ్మాయిని ఒకసారి విశాఖ పంపి, అక్కడి పరిశోధక విద్యార్థులతో మాట్లాడనివ్వండి.

ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకుంటే, జంతు ప్రయోగాలకు అనుమతి ఉన్న ప్రయోగశాల ఆ కళాశాలలో ఉందో లేదో, అంతా కంప్యూటరు తెర మీదే చూపిస్తారో చేరకముందే అడగాలి. ఫార్మసీ ప్రాక్టీస్ అయితే ఆసుపత్రి గురించి ఇందాక చెప్పిందే వర్తిస్తుంది. ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీపాట్‌లో అర్హత సాధించి చేరితే, దానితో వచ్చే ఉపకారవేతనం వర్తించే కళాశాలలో నెలకు 12,400 రూపాయలు 24 నెలల పాటు అందుతాయి. మొత్తం 2,97,600 అవుతుంది, మీ భారం చాలావరకు దిగుతుంది. పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చే పరీక్షల్లో యూజీసీ నెట్‌లో ఫార్మసీ సబ్జెక్టు లేదు గానీ, సీఎస్‌ఐఆర్ పరీక్షను లైఫ్ సైన్సెస్‌లోనో కెమికల్ సైన్సెస్‌లోనో రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 వస్తుంది. ఉద్యోగం చేస్తూ మొక్కుబడిగా పీహెచ్‌డీ లాగించడం కంటే ఈ దారి ఎంతో మేలు.

జీతం గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఏడో వేతన సంఘం ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు మొదటి మూలవేతనం 57,700. ప్రైవేటు కళాశాలల్లో పనిచేస్తూ నాతో మాట్లాడిన యువ అధ్యాపకుల్లో చాలామందికి అందులో సగం కూడా చేతికి రావడం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమని ఏ యాజమాన్యం అడిగినా ఇవ్వవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మొదటి కొన్నేళ్లు ఇల్లు విడిచి వేరే జిల్లాలో పనిచేయవలసి రావచ్చు, దానికి మీరు సిద్ధపడాలి.

మీరు అడిగిన పోలికకు నా సమాధానం ఇది. బోధనే ఆమె కోరిక అయితే ఎం.ఫార్మసీ, ఆపైన ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ. వార్డులో రోగుల మధ్య పనిచేయాలన్న కోరిక బలంగా ఉండి, మంచి ఆసుపత్రి ఉన్న కళాశాలలో సీటు దొరికితే మాత్రమే ఫార్మ్‌డీ. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ఇంత శ్రద్ధ ఉన్న పిల్ల దారి తప్పదు, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. వచ్చే ఆదివారం ఆమె ఇంటికి వచ్చినప్పుడు, పెదనాన్నగారి మందుల చీటీ ముందు పెట్టి, ఒక్కొక్క మందు ఎందుకు రాశారో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మోతాదు మార్చడం, ఆపడం వైద్యుల పని, దాని జోలికి పోవద్దు. ఆమె చెప్పింది మీకు అర్థమైందో లేదో నాకు మళ్లీ రాయండి.