కుసాత్సులో ఫ్లాట్ కొంటానంటున్న మేనల్లుడికి

చి. కిరణ్‌కి ఆశీస్సులు.

జపాన్‌లో కుసాత్సు అనే వేడినీటి ఊటల ఊళ్లో ఫ్లాట్ అంటూ నువ్వు పంపిన ఫొటోలు చూశాం. కిటికీలోంచి కొండ, కింద అంతస్తులో వేడినీటి ఊట స్నానాల గది, ధర 5 లక్షల యెన్. ఈ డబ్బుకి హైదరాబాద్‌లో కారు పార్కింగ్ కూడా రాదన్నావు. నిజమే. పన్నెండేళ్ల కిందట నేనూ ఆ లెక్కే వేసుకుని ఆ ఊళ్లోనే ఒకటి కొన్నాను. అందుకే చెబుతున్నా, ముందు ఆ ధర సంగతి మర్చిపో.

అక్కడి ఫ్లాట్లన్నీ దాదాపు 1980ల చివర, 1990ల మొదట్లో, జపాన్‌లో భూముల రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు సెలవుల కోసమని కట్టినవి. అప్పుడు కొన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. పిల్లలు అటు రారు. నెలనెలా వచ్చే బిల్లు ఎవరికైనా అంటగట్టాలనే వాళ్ల తొందరంతా.

ఆ బిల్లులో రెండుంటాయి. కన్రిహి అంటే మన మెయింటెనెన్స్. షూజెన్ త్సుమితాతెకిన్ అంటే పెద్ద రిపేర్ల కోసం దాచేది, మన కార్పస్ ఫండ్ లాంటిది. నాకు రెండూ కలిపి నెలకి 28 వేల యెన్. అంటే వెళ్లినా వెళ్లకపోయినా ఏడాదిన్నరకి ఇంకో 5 లక్షలు. పాత ఓనరు బాకీ పెట్టి పోయుంటే, చట్టం ప్రకారం అదీ కొన్నవాడి నెత్తినే. బాకీ ఎంతుందో కాగితం మీద రాయించుకో. ఏజెంటు కమిషన్ కూడా ముందే తేల్చుకో. 80 లక్షల యెన్ లోపు ఇళ్లకి 2024 జులై నుంచి 3 లక్షల 30 వేల దాకా అడగొచ్చు. నీ 5 లక్షల ఫ్లాట్‌కీ అంతే.

తర్వాత అసోసియేషన్ మీటింగుల మినిట్స్ అడుగు, కనీసం మూడేళ్లవి. జపాన్ వాళ్ల కంజీ లిపి చదవలేక నేను బద్ధకించాను. లిఫ్టు మార్చే తీర్మానం ఏటా వాయిదా పడుతోందని అందులో ఉందట. కొన్న రెండో ఏడాది తలా 1 లక్ష 80 వేలు కట్టమని ఉత్తరం వస్తే గానీ తెలియలేదు.

చూడ్డానికి వెళ్తే ఫ్లాట్‌లోకి వెళ్లేముందు కింద పోస్టు డబ్బాల దగ్గర ఆగు. నోటికి టేపు అంటించినవెన్నో లెక్కపెట్టు, అవి ఎవరూ ఉండని ఫ్లాట్లవి. ఏజెంటు చెప్పని సంగతి అక్కడుంటుంది.

కుసాత్సు నీళ్ల గొడవ వేరే ఉంది. ఆ ఊట నీళ్లు ఒట్టి యాసిడ్, ఇనుప మేకు వేస్తే పది రోజుల్లో సన్నబడుతుంది. గాల్లో ఆ గంధకం వాసనకి టీవీలు, ఏసీలు తొందరగా పాడవుతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు మీ అత్తయ్య వెండి కుంకుమ భరిణె తీసుకొచ్చింది. నాలుగో రోజుకి మసి పట్టినట్టు అయింది. ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక చలి. ఊరు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం తాళం వేసి వచ్చేటప్పుడు నీళ్లు గడ్డకట్టి పైపులు పగలకుండా అన్నీ వదిలేయాలి, మిజునుకి అంటారు. నేను అన్నీ వదిలాను, టాయిలెట్ సీటులో కడుక్కోవడానికుండే వేడినీళ్ల చిన్న ట్యాంకు తప్ప. ఏప్రిల్‌లో వెళ్లి వాల్వు తిప్పి, పాల ప్యాకెట్ తేవడానికి బయటికెళ్లాను. వచ్చేసరికి పగిలిన ట్యాంకులోంచి నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి. కింది ఫ్లాట్ సీలింగుకి కూడా నేనే డబ్బు కట్టాను. ఆ పెద్దాయన మాత్రం ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

వద్దని కాదు. ఆగస్టులో టోక్యో ఉడికిపోతుంటే అక్కడ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుంటాం. ఆ డబ్బు సరదా కింద పోయిందనుకోగలిగితే కొను. ఆస్తి అనుకుంటే మానేయ్. నాది గత ఏడాది లక్ష యెన్‌కి అమ్మకానికి పెడితే ఒక్క ఫోనూ రాలేదు.

సంతకం పెట్టే ముందు ఫిబ్రవరిలో మా ఫ్లాట్‌లో వారం ఉండి రా. రైలు నగనోహర-కుసాత్సుగుచి దాకానే, అక్కడి నుంచి బస్సు. తాళం పంపిస్తాను. వాల్వులు ఎక్కడున్నాయో బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆ బొమ్మలో టాయిలెట్ సీటుకి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాను చూసుకో.

మామయ్య