నిషికి మార్కెట్‌కి గైడ్ అవసరమా? మా అమ్మతో వెళ్లిన అనుభవం

శాకాహారి అయిన అమ్మగారితో జపాన్‌లోని క్యోటో వెళ్తున్నామని, అక్కడి తిండి సరుకుల బజారు నిషికి మార్కెట్‌కి గైడ్ కావాలా అని మీరు అడిగారు. తప్పకుండా పెట్టుకోండి. మార్కెట్ అంతా కలిపి 390 మీటర్ల ఇరుకు సందు, దారి తప్పే భయం లేదు. గైడ్ అవసరం పడేది తిండి దగ్గరే.

మేము మార్కెట్‌కి వెళ్లే ముందురోజు ఓ హోటల్లో అమ్మ మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ తాగింది. పైకి కనిపించినవి టోఫూ, సముద్రపు నాచు, అంతే. మర్నాడు గైడ్ ఓ కొట్టు ముందు ఆగి, చెక్కముక్కలా గట్టిగా ఉన్న ఎండు చేపను చూపించింది. పేరు కత్సువోబుషి. దాన్ని పల్చటి పొరలుగా గీసి, కొంబు అనే నాచుతో కలిపి తీసే రసం దాషి. ఇక్కడ సూప్‌లకీ, ఉడికించిన కూరలకీ అదే ఆధారమని చెప్పింది. అమ్మ నా వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టని మనిషి. "తెలీక జరిగిందిలే" అంది గానీ, ఆ పూటంతా నా మనసు మనసులో లేదు.

అక్కడి నుంచి ప్రతి కొట్టులోనూ గైడే అడిగి చెప్పింది. కూరగాయలే కనిపించినా దాషి ఉన్నవి చాలా తేలాయి. మీరూ ఈ మాట నేర్చుకోండి: "కత్సువో దాషి హైత్తె ఇమాస్ కా?" చేప రసం కలిసిందా అని అర్థం.

అమ్మకి పండగలా అనిపించింది ఊరగాయల కొట్టు. తవుడులో ఊరబెట్టిన ముల్లంగి, దోసకాయ చూసి, "మనం గేదెలకి పెట్టే తవుడేనా!" అని వంగి మరీ వాసన చూసింది. చలికాలంలో పెద్ద టర్నిప్ దుంపను కాగితమంత పల్చగా కోసి ఊరబెడతారు, దాని పేరు సెమ్మైజుకె, అంటే వెయ్యి ముక్కల ఊరగాయ. షిబాజుకె అనే ఇంకో ఊరగాయలో వంకాయ, ఎర్ర షిసో ఆకు, ఉప్పు వేసి బరువు పెట్టి ఊరనిస్తారు. నూనె, కారం లేని ఊరగాయ ఇంత పుల్లగా, ఇంత బాగుంటుందని అమ్మ అనుకోలేదు. కొన్నిట్లో చేప రుచి కలుపుతారు కాబట్టి ఇక్కడా అడగాల్సిందే.

ఇంత ఇరుకు సందులో మార్కెట్ ఎందుకు పుట్టిందో కూడా గైడ్ చెప్పింది. కింద చల్లటి ఊటనీరు ఉంది. ఐసు లేని రోజుల్లో చేపలు పాడవకుండా కాపాడింది ఆ బావుల నీళ్లే. తూర్పు చివర తెన్మాంగూ గుడిలో ఆ ఊట ఇప్పటికీ వస్తోంది. అమ్మ దోసిట పట్టుకుని తాగింది.

1560లో మొదలైన అరిత్సుగు కత్తుల కొట్టు కూడా ఈ సందులోనే ఉంది. కొన్న కత్తి మీద పేరు చెక్కి ఇస్తారు. మన స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే! ఒకటి తీసుకున్నాం. కత్తి చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు, కొన్న కొట్టు దగ్గరే నిలబడి తినాలి. సాయంత్రానికి చాలా కొట్లు మూసేస్తారు, కాబట్టి ఉదయం పదికల్లా చేరుకోండి.

గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడే అమ్మగారు చేప రసం కూడా తీసుకోరని విడిగా చెప్పండి. మేము "శాకాహారి" అని మాత్రమే చెప్పాం. అది చాలదని గైడే తర్వాత మాకు చెప్పింది.